గేటు మీద తెల్లకోటు

పోయిన వారం మా కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు దాకా వెళ్లాను. నేను చెప్పేది సివిక్స్. ల్యాబుతో నాకు పనేమీ ఉండదు. పరీక్షల డ్యూటీ కాగితం మీద అక్కడి మేడమ్ సంతకం కావలసి వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. తలుపు రెక్కకు ఒక తెల్లకోటు వేలాడుతోంది. గడప దాకా పోయిన దాన్ని, ఆ కోటును చూసి చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగాను. సగం వరండా దాటాక అటెండరు పిలిచాడు.

"ఏంది మేడమ్, గడప దాంక వచ్చి మళ్లిన్రు? లోపల్నే ఉన్నరు కెమిస్ట్రీ మేడమ్."

జహీరాబాద్‌లో నా నోటికి జడిసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక కోటుకు జడిసి నేను వెనక్కి తిరుగుతానని మాత్రం వాళ్లకు తెలియదు. కోటు వేలాడుతుంటే లోపలివాళ్లను లేపకూడదని నాకు అలవాటు చేసిన మనిషి పోయి మూడు నెలలయింది.

ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనేది. నేను అక్కా అనేదాన్ని. పేరు రాయను. రాస్తే ఆమెకు నచ్చదు. ముప్పై ఏళ్లకు పైగా దవాఖానలో కేసు షీట్ల మీద ఊరి వాళ్ల పేర్లు రాసిన మనిషి, "కాయిదం మీదికి పేరెక్కిందంటె ఏదో ఒక రోగమున్నట్టే" అనేది.

నేను ఆమెను మొదటిసారి చూసింది మా అమ్మ ఆఖరి రోజుల్లో, వార్డులో. ఆ రోజు నేను అందరితోనూ కొట్లాడుతున్నాను. గ్లూకోజు సీసా చుక్కలు ఎందుకంత నెమ్మదిగా పడుతున్నాయని, కిటికీ ఎందుకు మూశారని, పక్క మంచం వాళ్ల చుట్టాలు అంత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్నారని. ఆ చుట్టాల కంటే నేనే గట్టిగా మాట్లాడుతున్నానని నాకు తెలియలేదు. ఆమె వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నేను చెప్పిందంతా విన్నది. అడ్డం రాలేదు. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు అడిగింది.

"అయిపోయిందా? ఏం చదువుకున్నవ్?"

"ఎమ్మే."

"మంచిది. మీ అమ్మ గంట సంది నిద్రకు చూస్తున్నది. ఎమ్మే చదివినోళ్లు బైట వరండాల గూడ కొట్లాడొచ్చు. ఆడ గాలి గూడ మంచిగొస్తది."

వరండాలోకి నన్ను పంపి ఊరుకోలేదు. పది నిమిషాలకు రెండు గ్లాసుల్లో చాయ్ పట్టుకుని తనూ వచ్చింది. ఒకటి నా చేతికిచ్చి, రెండో చేయి పట్టుకుంది. ఓదార్పు అనుకున్నాను. ఆమె మూడు వేళ్లు నా మణికట్టు మీద ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి. ఒందు, ఎరడు, మూరు.

"నీది మీ అమ్మకంటె జోరుగ కొట్టుకుంటున్నది. జర కూసో."

అక్క వాళ్లమ్మది బీదర్ వైపు. అందుకే అంకెలు మాత్రం కన్నడంలో వచ్చేవి. మాటలు తెలుగులో, తిట్లు ఉర్దూలో. ఎవరి చెయ్యి పట్టుకున్నా ఆ మూడు వేళ్లు వాటంతట అవే మణికట్టు వెతుక్కునేవి. చర్చిలో కొత్త పెళ్లికూతురిని దీవిస్తూ కూడా నాడి చూసేసింది. "ఎందుకు చేసుకోలేదు పెళ్లి?" అని ఎవరైనా అడిగితే, "డ్యూటీ దొరికింది, మొగుడు దొరకలే. రెండు దొరికితె ఏదో ఒకటి ఇడిచిపెట్టేదాన్ని. అది డ్యూటీ మాత్రం కాదు" అనేది.

రిటైరయ్యాక జహీరాబాద్‌లోనే ఉంటుందనుకున్నాం. ఆమె కోహీర్ దగ్గర ఒక పల్లెలో రెండు గదుల పెంకుటిల్లు, నాలుగు జామచెట్లు కొనుక్కుంది. హైవే మీద లారీల హారన్లు, అంబులెన్సు కూతలు వినపడని చోటు కావాలట. "నేను లేస్త అనుకున్నప్పుడు లేస్త. కోడి లేపినా లేవ" అంది.

నెల తిరగలేదు. పొద్దున ఆరింటికే గేటు ముందు జనం. ఒకరికి బీపీ, ఒకరికి అల్లం చేనులో కాలికి తగిలిన పార దెబ్బ, ఒకరికి ఏ గోలీ ఎప్పుడు మింగాలో తెలియని తికమక. మొగుడంపల్లి నుంచి కూడా బండి మీద వచ్చారు. ఆమె డాక్టరుగిరీ చేయలేదు. బీపీ చూసేది, కట్టు కట్టేది, మిగతా వాళ్లను తిట్టి జహీరాబాద్ పంపేది. "రిటైరైతె రెస్టు అనుకున్న పిల్లా. ఈడ ఓపీ దవాఖాన కంటె ఎక్కువున్నది" అంది నాతో. నాకు నలభై ఎనిమిదేళ్లు. నన్ను పిల్లా అన్న ఆఖరి మనిషి ఆమే.

ఆ తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం ఆమె పెట్టెలోంచి తన పాత డ్యూటీ కోటు తీసింది. ఉతికి గంజి పెట్టి మడత పెట్టుకున్నది. దాన్ని తీసుకెళ్లి గేటు పైకమ్మికి తగిలించి, వచ్చినవాళ్లకు ఒకటే మాట చెప్పింది.

"కోటు నా ఒంటి మీదుంటె నేను సిస్టర్ను. గేటు మీదుంటె నేను ఎవ్వలను కాదు. శనివారం పగటీలి సంది సోమవారం పొద్దుగాల దాంక నన్ను లేపొద్దు. పానం మీదికొస్తె అంబులెన్సుకు ఫోన్ చెయ్యిన్రి. నా తానకొచ్చి టైం ఖరాబ్ చేసుకోకున్రి."

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం నా స్వభావం.

"ఇదేం న్యాయం అక్కా? జెరానికి ఆదివారమని ఎరుకుంటదా?"

"నాకెరుకే కద."

"దేవునికే ఒక్కరోజు సెలవు చాలింది. నీకు రెండెందుకు?"

"దేవుడు నైట్ డ్యూటీలు చెయ్యలే."

నాకు తెలిసి నేను ఓడిపోయిన వాదన అదొక్కటే. ఓడినందుకు కోపం రాలేదు. ఆమె చెప్పిన లెక్కలో ఎక్కడా తప్పు దొరకలేదు. పండుగలు, పెళ్లిళ్లు, సొంత తమ్ముడి కొడుకు బాప్తిస్మం, అన్నీ ఆమె డ్యూటీలోనే గడిచిపోయాయి. రెండు రోజులు ఊరు ఆమెకు ఇవ్వలేకపోతుందా?

రెండో నియమం నాకోసం పెట్టింది. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో రోగం మాట ఎత్తకూడదు. ఎవరిది గానీ, ఏ చిన్నది గానీ. నాకు మోకాలి నొప్పి ఉండేది. శనివారం గేటు దగ్గరే ఆ మోకాలిని వదిలేసి లోపలికి వెళ్లాలి.

నాలుగేళ్లు, దాదాపు ప్రతి శనివారం వెళ్లాను. కాలేజీ అయ్యాక బస్సెక్కి కోహీర్‌లో దిగి ఆటోలో. నేను బ్యాగు సర్దుకుంటుంటే మా ఆయన మొహంలో కనిపించే ప్రశాంతత గురించి ఇక్కడ రాయను, ఆయన కూడా ఇది చదువుతాడు. వెళ్లేసరికి అక్క జామచెట్టు కింద నులక మంచం వాల్చి ఉంచేది. చేతి గడియారం విప్పి, ముళ్లు కనపడకుండా బోర్లించి కిటికీలో పెట్టేది. జొన్న రొట్టెలు తనే కొట్టేది. నేను కొడితే పటం లెక్క కర్ణాటక, మహారాష్ట్ర, తెలంగాణ మూడూ ఒక్క రొట్టెలోనే కనపడతాయనేది. పుంటికూర, పచ్చి ఉల్లిగడ్డ. తర్వాత జామకాయ నాలుగు ముక్కలు, ఉప్పుకారం. అల్లం దంచి పోసిన చాయ్. ఆదివారం పొద్దున చర్చికి పోయి వచ్చేది. ఆ తర్వాత సాయంత్రం దాకా పని లేదు.

పని లేకుండా ఉండటం ఆమెకు చేతనయ్యేది కాదు మొదట్లో. మంచం మీద పడుకుని కూడా పాదాలు ఆడించేది, వార్డులో నడుస్తున్నట్టు. దూరంగా ఎవరైనా దగ్గితే తల తిరిగేది. "పొడి దగ్గు" అని నోటిదాకా వచ్చి ఆపుకునేది. నా చెయ్యి పట్టుకుంటే మూడు వేళ్లు మణికట్టు మీదికి పోయేవి. వెంటనే వెనక్కి తీసుకుని ఆ వేళ్లను తనే కొట్టేది. "ఇయ్యాల సెలవు" అని వాటికి చెప్పేది. క్రమంగా నేర్చుకుంది. రెండో ఏడు వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నం నోరు తెరుచుకుని గురక పెట్టి నిద్రపోయేది. నేను పక్కన పేపర్లు దిద్దుకుంటూ, ఆ గురక వింటూ ఉండేదాన్ని. ఇంత ఖరీదైన నిద్ర నేను మరెక్కడా చూడలేదు.

ఆ నిద్రను కాపలా కాసే పని నేనే తీసుకున్నాను. ఆ కోటు వద్దని వాదించిన నేనే.

పక్కింటి మల్లమ్మ ఒక ఆదివారం కోటును పక్కకు జరిపి గేటు తీసింది. ఆమెకు అరవై దాటాయి. చెరకు కోతకు పోతుంది, ఇంట్లో బర్రె ఉంది, అక్కకు పాలు పోసేది ఆమే. తల తిరుగుతోందట, జర బీపీ చూస్తుందేమోనని వచ్చింది. అక్క అప్పుడే కునుకు తీస్తోంది. నేను లేచి ఎదురెళ్లాను.

"మల్లవ్వా, గేటు మీదున్నదేంది?"

"కోటు."

"మరి కండ్లు కనబడ్తలేవా? ముప్పై ఏండ్లు మీ అందరి ఉచ్చలు, పియ్యిలు ఎత్తిన మనిషి. రెండొద్దులు పండుకుంటనంటె ఓర్సుకుంటలేరు. ఆమె మనిషి కాదా? మిషినా? ఇంకోపాలి కోటు ముట్టినవంటె నేను మంచిదాన్ని కాదు."

ఇంతకంటే చాలా అన్నాను. వాడకట్టులో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి విన్నారు. మల్లమ్మ కోటును మళ్లీ గేటు మీద సరిగ్గా సర్ది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగితే అక్క మంచం మీద లేచి కూర్చుని ఉంది. చెప్పుల కోసం కాలు వెతుకుతోంది.

"కూసో" అన్నాను.

"తల తిరుగుతున్నది అంటున్నది గదనే."

"అంబులెన్సుకు ఫోన్ చెయ్యమను. నీ రూలే."

కాసేపు నావైపు చూసి, కాళ్లు మళ్లీ మంచం మీదికి తీసుకుంది. "నువ్వుండంగ గేటుకు తాళమెందుకే" అని నవ్వింది. సోమవారం పొద్దున్నే తనే మల్లమ్మ ఇంటికి వెళ్లి బీపీ చూసిందని తర్వాత తెలిసింది. నాకు చెప్పలేదు.

ఆ రోజు తర్వాత ఆ గేటును ఎవరూ ముట్టలేదు. కోటు కనపడితే మేకలను కూడా అదిలించి దూరంగా తోలుకుపోయేవారు. నేను గెలిచాననుకున్నాను.

ఆఖరి నెలల్లో నేను చూసినవి ఉన్నాయి. జామకాయలు కోసే గెడకర్ర మూలకు చేరింది. "కింద పడ్డవే తియ్యగుంటయి" అంది. ఒక దిండు ఉండేచోట రెండయ్యాయి, తర్వాత గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం మొదలైంది. చర్చి నుంచి వస్తూ దారిలో బండరాయి మీద కూర్చునేది. రొట్టెలు కొట్టడం నాకు అప్పజెప్పింది. నా రొట్టెల మీద ఏమీ అనలేదు. అది చూసైనా నాకు తెలియాల్సింది.

ఆఖరి ఆదివారం చాయ్ గ్లాసు కింద పెడుతూ ఆమె ఊపిరి కోసం ఆగింది. చీర కుచ్చిళ్ల కింద పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి.

"ఏమైంది అక్కా?" అన్నాను.

"ఇయ్యాల ఏం వారం?"

"ఆదివారం."

"మరి?"

అంతే. ప్రిన్సిపాల్‌తో, కండక్టర్లతో, కూరగాయలవాళ్లతో, కట్టుకున్నవాడితో, ఓట్లడగడానికి వచ్చిన ప్రతి పార్టీ వాళ్లతో వాదించిన నేను ఆ ఒక్క "మరి"కి నోరు మూసుకున్నాను. రూలు కదా. సోమవారం ఫోన్ చేద్దామనుకున్నాను. సోమవారం క్లాసులు, మంగళవారం మీటింగు.

బుధవారం మధ్యాహ్నం నాకే ఫోన్ వచ్చింది.

మూడో రోజు, సమాధి తోటలో అన్నీ అయిపోయాక, బీదర్ నుంచి వచ్చిన ఆమె తమ్ముడి భార్యా నేనూ ఇల్లు సర్దాం. జొన్నపిండి డబ్బా వెనక గోలీల అట్టలు దొరికాయి, రబ్బరు బ్యాండు వేసి. గుండెకు సంబంధించిన కాగితాలు మడతపెట్టి ఉన్నాయి. తారీఖులు కలిపి చూసుకున్నాను. అన్నీ మంగళవారాలు. హైదరాబాద్ పోయి చూపించుకుని వచ్చిన మంగళవారాలు. పల్లె నుంచి జహీరాబాద్ వచ్చి ఎక్కే ఆ బస్సు మా కాలేజీ ముందు నుంచే పోతుంది. కిటికీలోంచి మా గేటు కనపడుతుంది. ఎనిమిది నెలలు ఆమె ఆ కిటికీ పక్కన కూర్చుని అలా వెళ్లి, అలా తిరిగి వచ్చింది.

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. పిండి డబ్బా ముందు నిలబడి చచ్చిపోయిన మనిషితో వాదించాను. నేనెవరు నీకు? ఎందుకొచ్చాను నాలుగేళ్లు, రొట్టెలు తినడానికా? ఆమె మరదలు భయపడి బయటికి వెళ్లి మల్లమ్మను పిలుచుకొచ్చింది.

మల్లమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. కోటు ఇంకా గేటు మీదే ఉంది. తీయాలని ఎవరికీ తోచలేదు. నేను రమ్మంటే గాని లోపలికి రాలేదు. వచ్చి అరుగు మీద కూర్చుంది.

"మల్లవ్వా, ఆమెకు గుండె జబ్బని నీకెరుకేనా?"

"ఎరుకే."

"ఇంకెవలికెరుక?"

"ఊర్ల అందరికెరుకే. ఆయాసంతోనే బీపీలు చూస్తుండె గద. మేమే వద్దంటిమి."

"మరి నాకెవ్వలు చెప్పలేదేంది?"

మల్లమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"చెప్పొద్దన్నది. నేనే ఒకపాలి అన్న, ఆ పంతులమ్మకన్న చెప్పు సిస్టరమ్మా, పట్నంల పెద్ద డాక్టర్లెరుకుంటరు అని. ఏమన్నదో ఎరుకేనా. 'వారంల అయిదొద్దులు నేను రోగిని మల్లవ్వ. మీరు చూసినా గట్లనే చూస్తరు, అద్దంల నేను చూసుకున్నా గట్లనే ఉంట. ఆమె వచ్చిన రెండొద్దులు రోగం సంగతే నాకు యాదికుండది. ఆమెకు చెప్తె ఆ రెండొద్దులు గూడ పోతయి' అన్నది."

నేను అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాను. నా మోకాలు నొప్పి పెట్టింది. ఆ ఇంట్లో నా మోకాలు నొప్పి పెట్టడం అదే మొదలు.

"బుధవారం ఏమైంది?" అని అడిగాను. అడగకపోతే బాగుండేదని అనిపిస్తూనే ఉంది.

"పొద్దుగాల పాలు తెచ్చిన. కోటు గేటు మీదున్నది. బుధారం గద, ఎప్పుడు ఉండది. ఆమెకు పానం మంచిగలేదని ఎరుకే, జర పండుకోవాలె అనుకున్నదేమో అనుకున్న. పాల గిన్నె గోడ మీద పెట్టిన. జరసేపు నిలవడ్డ." మల్లమ్మ నావైపు చూడకుండా చెప్పింది. "గేటు మీద చెయ్యేసిన అమ్మా. కోటు చేతికి తగిలింది. నువ్వన్నది యాదికొచ్చింది. తీసేసిన చెయ్యి."

ఆమె తర్వాత ఇంకో ఇద్దరు వచ్చి చూసి వెళ్లిపోయారట. ఎండ ఎక్కాక గోడ మీది పాలు పిల్లి ఒంపేసింది. ఆ గిన్నె కింద పడ్డ చప్పుడుకు మల్లమ్మ వచ్చి, ఇంక ఆగలేక గేటు తోసింది. అక్క గోడకు ఆనుకుని, రెండు దిండ్ల మీద ఉంది. గడియారం కిటికీలో బోర్లించి ఉందట.

ఆ పొద్దున ఎవరైనా లోపలికి పోయి ఉంటే ఏమయ్యేదో, ఆమె కాగితాలు చూసిన డాక్టరు ఖచ్చితంగా చెప్పలేకపోయాడు. నేను గుచ్చి గుచ్చి అడిగాను. "కావచ్చు, కాకపోవచ్చు" అన్నాడు. ఆ జవాబు మీద వాదించడానికి నాకు పట్టు దొరకలేదు.

మల్లమ్మ నన్ను తిట్టలేదు. నేను ఆశపడ్డాను, తిడుతుందేమోనని. ఆమె లేచి, గేటు మీది కోటు తీసి దులిపి తెచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక నా ఒళ్లో పెట్టింది. భుజాల దగ్గర ఎండకు పసుపు పట్టి ఉంది. నాలుగేళ్ల శనివారాల ఎండ.

ఇప్పుడు కూడా శనివారం శనివారం వెళుతున్నాను. ఆమె తమ్ముడు, ఇల్లు అమ్మేదాకా చూసుకొమ్మని తాళం నాకే ఇచ్చాడు. కోటును లోపల మేకుకు తగిలించాను. గేటు పూర్తిగా తెరిచి, మూసుకోకుండా ఒక రాయి అడ్డం పెడతాను. అయినా దారిన పోయేవాళ్లు ముందు గేటు పైకమ్మిని చూస్తారు, ఆ తర్వాతే నన్ను.

నిన్న ఆదివారం. జామచెట్టు కింద మంచం వాల్చుకుని కూర్చున్నాను. పేపర్లు దిద్దడం లేదు, నిద్ర కూడా రావడం లేదు. మల్లమ్మ గోడ పక్క నుంచి పోతూ ఆగింది. పిలిచాను. వచ్చి మంచం కోడు దగ్గర కింద కూర్చుంది. పైన కూర్చోమంటే కూర్చోలేదు. జామకాయ కోసి నాలుగు ముక్కలు చేసి ఇచ్చాను. ఇద్దరం తిన్నాం.

"తల తిరుగుడు ఎట్లున్నది మల్లవ్వా?" అన్నాను.

మల్లమ్మ గేటు వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.